పదమూడున్నర గంటల లెక్క

సైకిల్ మీద 200 కిలోమీటర్లు అనగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘కాళ్లు పడిపోవూ?’ అని. అడగడంలో తప్పేమీ లేదు. హైదరాబాద్ నుంచి వరంగల్ దాదాపు 145 కిలోమీటర్లు. అక్కడికి చేరి, మరో 55 తొక్కాలంటే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే ఆ దూరానికి ఇచ్చే గడువు చూస్తే భయం సగానికి సగం తగ్గిపోతుంది. 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు సగటున 15 కిలోమీటర్ల లోపే. రోజూ పాలక్యాన్లు కట్టుకుని పల్లె నుంచి పట్నానికి వచ్చే మనిషి కూడా ఆ వేగంతో తొక్కగలడు.

ఈ గడువు బ్రెవే అనే పద్ధతిది. మన రైడర్లు దాన్ని బీఆర్‌ఎం అంటారు. 1897లో కొందరు ఇటలీవాళ్లు రోమ్ నుంచి నేపుల్స్‌కి 230 కిలోమీటర్లు ఒక్క పగటిపూటలో తొక్కి చూపించారు. ఆ ముచ్చట ఫ్రాన్సుకు పాకింది. 1921 నుంచి ఆడాక్స్ క్లబ్ పారిసియన్ ఎవరి వేగంతో వాళ్లు తొక్కుకునే బ్రెవేలు మొదలుపెట్టింది. నేటికీ 200 కిలోమీటర్లకు 13.30 గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. మొదట వచ్చినవాడికి కప్పు లేదు, చివర వచ్చినవాడికి చిన్నతనం లేదు. దారిలో రైడరు కార్డు మీద ముద్ర వేసే కంట్రోల్ అనే మజిలీలుంటాయి. ఒక్కోదానికి తెరిచే వేళ, మూసే వేళ ఉంటాయి. 100వ కిలోమీటరు దగ్గరున్న కంట్రోల్ 6 గంటల 40 నిమిషాలకు మూసేస్తారు. వెనకాల కారు పెట్టుకుని నీళ్లూ తిండీ అందించుకోవడం కుదరదు. ఏం కావాలన్నా తానే మోసుకోవాలి, లేదా దారిలో కొనుక్కోవాలి. దేశంలో ఆడాక్స్ ఇండియా రాండొనేర్స్ ఆధ్వర్యంలో ఊరూరా క్లబ్బులు వీటిని నడుపుతున్నాయి, హైదరాబాద్‌లో కూడా.

ఇంత ఉదారమైన గడువున్నా చాలామంది మధ్యలోనే ఎందుకు విరమిస్తారు? కాళ్లలో సత్తువ లేక ఆగిపోయేవాళ్లు తక్కువే. మొదటి 60 కిలోమీటర్లు ఉరికి, తర్వాత ప్రతి టీ కొట్టు దగ్గరా కూలబడేవాళ్లే ఎక్కువ.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఒక రైడర్ గంటకు 24 కిలోమీటర్లు తొక్కుతాడనుకుందాం. అతనికి సైకిల్ మీద గడిచేది 8 గంటల 20 నిమిషాలు. మధ్యలో అక్కడో గంట ఇక్కడో గంట మొత్తం నాలుగు గంటలు ఆగాడు. 12 గంటల 20 నిమిషాలకు చేరాడు. ఇంకొకరు 19 కిలోమీటర్ల వేగం దాటలేదు, కానీ ఆగింది గంటన్నరే. ఆమె 12 గంటల 2 నిమిషాలకే వచ్చేసింది. తేడా అక్కడితో అయిపోలేదు. గాలిని చీల్చుకుంటూ పోవడానికి పెట్టాల్సిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 19 నుంచి 24కి వెళ్లాలంటే ఆ ఒక్క పనికే రెట్టింపు శక్తి కావాలి. మొదటివాడు గాలితో అంత పోరాడి సంపాదించుకున్న సమయాన్నంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఖర్చుపెట్టాడు. పైగా ఆ పోరాటంతో అలసిపోయాడు కాబట్టే అన్నిసార్లు కూర్చోవాల్సి వచ్చింది.

ఆగడం ఎలా పెరుగుతుందో రోడ్డు పక్క హోటల్ దగ్గర చూడాలి. సైకిల్ గోడకు ఆనించి, హెల్మెట్ తీసి, గ్లౌజులు విప్పి బల్ల మీద పెడతారు. మొహం కడుక్కుంటారు. ఇడ్లీ చెబితే వాయి దిగడానికి పది నిమిషాలంటాడు. ఈలోగా ఫోన్ బయటికొస్తుంది. ఫొటోలు, ఇంటికి కాల్. ఇడ్లీ అయ్యాక టీ. టీ అయ్యాక, వెనకబడ్డ మిత్రుడు వస్తున్నాడట, ఐదు నిమిషాలు చూద్దామనుకుంటారు. అతను వచ్చాక అతని ఇడ్లీ. లేచేసరికి ముప్పావుగంట. పిక్కలు బిగుసుకుపోయి, మళ్లీ ఊపు అందుకోవడానికి మరో పావుగంట. నాలుగు చోట్ల ఇలా జరిగితే ఆగడానికే మూడు గంటలు హరీమంటాయి.

మందేమిటంటే, దిగకముందే చేయాల్సిన పనులు మనసులో వరుసగా అనుకోవడం. కార్డు మీద ముద్ర, సీసాల్లో నీళ్లు, మూత్రవిసర్జన, జేబులోకి తిండి, బయల్దేరడం. పది నిమిషాలు చాలు. కూర్చుని తినే భోజనం ఒక్కటి, సగం దారి దాటాక, అరగంట. మిగతాదంతా సైకిల్ మీదే నములుతూ పోవడం అలవాటు చేసుకోవాలి. స్నేహితులతో కలిసి వెళ్లేవాళ్లు ఈ మాట ముందురోజే అనుకుని ఉండాలి. రోడ్డు మీద చెబితే నొచ్చుకుంటారు.

ఇక సాధన. ఉద్యోగం, పిల్లలు, ఇంటి పనుల మధ్య వారానికి సగటున ఐదారు గంటలు తీయగలిగిన మనిషికి 12 వారాలు సరిపోతాయి. అరగంట పాటు ఆగకుండా తొక్కగలిగి ఉంటే చాలు, మొదలుపెట్టొచ్చు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. షుగరు మందులు వాడేవాళ్లకు గంటల తరబడి తొక్కేటప్పుడు చక్కెర పడిపోయే ప్రమాదముంది కనుక మందు మోతాదు గురించి అడగడం తప్పనిసరి.

పని దినాల్లో రెండు రోజులు గంట చొప్పున, ఆదివారం ఒక దూరప్రయాణం. తొలి ఆదివారం 40 కిలోమీటర్లు. అక్కణ్నుంచి వారానికి పది, పదిహేను పెంచుకుంటూ పోయి, ప్రతి నాలుగో వారం తగ్గించాలి. ఒళ్లు బలపడేది ఆ తగ్గించిన వారంలోనే. పదకొండో వారానికి 140, 150 చేరితే చాలు. సాధనలో 200 తొక్కి చూడాల్సిన పని లేదు, ఆఖరి 50 కిలోమీటర్లు ఆ రోజు ఉత్సాహమే లాక్కెళ్తుంది. చివరి వారం కాళ్లు కదిలేంతవరకే తొక్కి, నిద్ర దండిగా పోవాలి.

ఏ వేగంతో అన్నదే అసలు చిక్కు. కొత్తవాళ్లు ప్రతి రోజూ రొప్పుతూ తొక్కుతారు. రొప్పకపోతే సాధన చేసినట్టే అనిపించదు. నార్వేలో పనిచేసిన శరీరశాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, మేటి ఓర్పు క్రీడాకారుల సాధనను పరిశీలించి చూపించింది దీనికి పూర్తిగా భిన్నం. వాళ్ల సాధనలో ఇంచుమించు 80 శాతం తేలికగా సాగేదే. తేలిక అంటే పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. ఈ తేలిక గంటల్లోనే కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే నేర్పు ఒంటికి వస్తుంది. గట్టిగా తొక్కేది వారంలో ఒక్కరోజు. నాలుగు నిమిషాలు బలంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగైదు సార్లు.

గేరు విషయంలోనూ ఇదే పొరపాటు. బరువైన గేరు వేసి నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పడం వల్ల మోకాళ్ల మీద భారం పడుతుంది తప్ప దూరం పెరగదు. తేలిక గేరులో 80, 90 సార్లు తిప్పాలి. తెలంగాణ పీఠభూమి మీద రోడ్డు ఎక్కడా చదునుగా ఉండదు, ఎక్కడం దిగడం నడుస్తూనే ఉంటుంది. అలాంటిచోట చిన్న గేరుకు సిగ్గుపడకూడదు. కోస్తాలో చెన్నై–కోల్‌కతా హైవే మీద తొక్కేవాళ్లకు ఎత్తుపల్లాల బెడద తక్కువ, కానీ ఉక్కపోత, ఎదురుగాలి ఉంటాయి. ఎదురుగాలికి విరుగుడు గుంపు. ముందున్న సైకిల్ వెనక దగ్గరగా తొక్కితే దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. వంతులవారీగా ముందుకు వస్తే ఎవరి మీదా భారం పడదు.

ఎక్కడ సాధన చేయాలి? హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉన్నవాళ్లకు అది వరం. లారీల భయం లేదు, నెత్తిన ఎండ లేదు. మొదటి నెల అంతా అక్కడే తొక్కినా మంచిదే. కానీ అక్కడే 12 వారాలూ గడిపితే మాత్రం నష్టం. ఎండ, గాలి, గతుకులు, హారన్లు పరిచయం కాకుండా బ్రెవేకి రావడం మంచిది కాదు. రెండో నెల నుంచి గండిపేట, చిలుకూరు, వికారాబాద్ అనంతగిరి కొండల రోడ్లు పట్టాలి. విశాఖవాళ్లకు బీచ్ రోడ్డులో భీమిలి దాకా చక్కని దారి ఉంది.

తిండి సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే రైడు మధ్యలో కుప్పకూలే వాళ్లలో ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. మన కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో 400, 500 గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. దాని విలువ మహా అయితే దాదాపు 2,000 కేలరీలు. కొవ్వు కూడా కొంత కరుగుతుంది కనుక నెమ్మదిగా తొక్కితే ఆ నిల్వ కొన్ని గంటలు వస్తుంది. అయిపోయిన క్షణం మాత్రం తెలిసిపోతుంది. తల ఖాళీ అయినట్టుంటుంది, చేతులు వణుకుతాయి, ఊరికే ఏడుపో కోపమో వస్తుంది. అప్పుడు ఎంత తిన్నా తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. కాబట్టి ఆకలి కోసం ఎదురుచూడకూడదు. బయల్దేరిన ముప్పావుగంటకే మొదలుపెట్టి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకోవాలి. ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాములుంటుంది. ఒక పండు, మూడు నాలుగు ఖర్జూరాలు కలిస్తే గంట గడుస్తుంది. పల్లీ చిక్కీ, ఉప్పు జల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంప, గ్లూకోజ్ బిస్కెట్లు, ఇడ్లీ ఏదైనా పనికొస్తుంది. ఖరీదైన జెల్ పొట్లాలు లేకపోతే లోటేమీ లేదు. మధ్యాహ్నం బిర్యానీ మాత్రం వద్దు. నూనె, మాంసం కడుపులో చాలాసేపు ఉండిపోతాయి, జీర్ణం కోసం రక్తం పొట్టకు మళ్లి కాళ్లు బరువెక్కుతాయి. పెరుగన్నం ఉంటే అంతకన్నా మంచిది లేదు. రైడు రోజున కొత్త తిండి ఏదీ ప్రయత్నించకూడదు. సాధనలో కడుపు ఒప్పుకున్నదే ఆ రోజూ తినాలి.

నీళ్లకు సులువైన పరీక్ష ఒకటుంది. ఎండలో గంట తొక్కబోయే ముందు, వచ్చాక బరువు చూసుకోవాలి. తగ్గిన ప్రతి కిలోకీ సుమారు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగిన నీళ్లు దానికి కలుపుకోవాలి. మన ఎండల్లో గంటకు లీటరు పోవడం మామూలే. లీటరు చెమటలో ఒక గ్రాముకు అటూ ఇటూగా సోడియం పోతుంది. వట్టి నీళ్లే గటగటా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. కొబ్బరినీళ్లు చాలనుకుంటారు చాలామంది. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం మాత్రం తక్కువ. చిటికెడు ఉప్పు వేసుకోవాలి, లేదా ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్‌ఎస్ పొడి మేలైనది. కానీ అది ఆకలి తీర్చదు, లీటరు ప్యాకెట్టులో గ్లూకోజు 13.5 గ్రాములే. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు దానికి బదులు కావు. పేరులో ఓఆర్‌ఎస్ అని రాసుకుని అలాంటివి అమ్మడం మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వాడకాన్ని ఆపించింది. అసలైన పొడి మందుల షాపులో పది నిమిషాల్లో దొరుకుతుంది. నాలుగు ప్యాకెట్లు జేబులో పెట్టుకుంటే బరువేమీ కాదు.

సైకిల్ ఎంత ఖరీదైనదన్నది ముఖ్యం కాదు. కొలత ముఖ్యం. సీటు మీద కూర్చుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగం పెట్టి తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, ఉండాల్సిందీ అదే. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు, మరీ పైకుంటే వెనక నొప్పి మొదలవుతుంది. మెత్తటి జెల్ సీటు కొనడం దాదాపు ప్రతివాళ్లూ పడే వల. మొదటి గంట హాయిగా ఉంటుంది. నాలుగో గంటకు అందులోకి కూరుకుపోయి, ఎముకలు మోయాల్సిన బరువు మెత్తటి కండ మీద పడుతుంది. కాస్త గట్టి సీటు, ప్యాడ్ ఉన్న షార్ట్స్, దాని లోపల మరే బట్టా లేకపోవడం, ఒరిసేచోట క్రీము. ఇంతే రహస్యం. చేతివేళ్లు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద చేతుల చోటు మారుస్తూ ఉండాలి. అరచేతి అంచున ఉన్న నరం నలగడమే దానికి కారణం.

పంక్చర్ గురించి ప్రతి కొత్తవాడికీ భయం ఉంటుంది. ట్యూబు మార్చడం ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని నేర్చుకోగలరు. నేర్వనిది దాని తర్వాతి పని. కొత్త ట్యూబు వేసి, చెమటలు కక్కుతూ గాలి కొట్టి, రెండు కిలోమీటర్లు పోగానే మళ్లీ గాలి పోతుంది. కారణం టైరులోనే మిగిలిపోయి ఉంటుంది. హైవే అంచున లారీ టైర్లు పేలిన చోట వాటిలోంచి రాలిన ఉక్కు తీగముక్కలు పడి ఉంటాయి. వెంట్రుక మందంలో ఉండే ఆ తీగ టైరు రబ్బరులో దిగి పైకి కనబడదు. లోపలివైపు మాత్రం మిల్లీమీటరు మొన తేలి ఉంటుంది. పాత ట్యూబులో కొద్దిగా గాలి కొట్టి పెదవుల దగ్గర పెట్టుకుని తిప్పితే, గాలి తగిలే చోట చిల్లు తెలుస్తుంది. వాల్వు నుంచి ఆ చిల్లు ఎంత దూరమో చూసి, టైరులో అదే చోట వేలికొనలతో నెమ్మదిగా తడమాలి. చురుక్కుమన్నచోట తీగో తుమ్మముల్లో ఉంటుంది. చిన్న పట్టకారుతో లాగేయాలి. చిల్లు ఒకటి కాక పక్కపక్కనే రెండు గాట్లుంటే అది ముల్లు పని కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిన గుర్తు. రెండు ట్యూబులు, ప్యాచీలు, లీవర్లు, పంపు, పట్టకారు లేకుండా ఊరు దాటకూడదు. ఈ పనంతా ఇంట్లో దీపం ఆర్పేసి, హెడ్‌లైట్ వెలుగులో ఒకసారి చేసి చూసుకున్నవాళ్లకు రోడ్డు మీద చేతులు వణకవు.

దీపాల మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. ఉదయం ఆరింటికి బయల్దేరే రైడు గడువు రాత్రి ఏడున్నర. డిసెంబరులో హైదరాబాద్‌లో ఆరులోపే సూర్యుడు అస్తమిస్తాడు. అంటే 200లో కూడా చివరి గంటన్నర చీకటే. ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం, మెరిసే జాకెట్ నియమం ప్రకారం తప్పనిసరి. నియమం లేకపోయినా తప్పనిసరే. మన రోడ్లకు ప్రత్యేకమైన గండాలు కొన్నున్నాయి. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు, మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, చీకట్లో ఆ రాళ్లు కనబడవు. రాంగ్ రూట్‌లో ట్రాక్టర్లు, బైకులు ఎదురొస్తాయి. వాటికి ఎడమ అంచు వదిలి మధ్యలోకి తిరిగే ముందు వెనక్కి చూడడం ప్రాణాధారం. కుక్కలు వెంటపడితే వేగం పెంచడం కన్నా దిగి, సైకిల్ అడ్డం పెట్టుకుని నడవడం మేలు. పరుగు ఆగితే వాటి ఉత్సాహమూ చాలావరకు ఆగుతుంది.

నిద్ర విషయంలో ఒక పాత కథ రైడర్ల నోట వినబడుతూ ఉంటుంది. 1891లో తొలి పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం, 1,200 కిలోమీటర్లు. తిరుగుదారిలో ముందున్న జీల్ లవాల్ నిద్రపోయాడని తెలిసి, షార్ల్ తెరోన్ ఆగకుండా అతన్ని దాటేసి 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. వినడానికి గొప్పగా ఉంటుంది, అనుకరిస్తే ప్రమాదం. తెరోన్ ఎదుట లారీలు లేవు. నేడు అదే దూరానికి గడువు 90 గంటలు, అందులో పడుకునే వ్యవధి కూడా ఉంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య కళ్లు మూతపడితే బస్టాపు బల్ల మీద 20 నిమిషాలు వాలాలి. 200 కిలోమీటర్ల రైడులో ఆ అవసరం రాదు, కానీ ముందురాత్రి ఉత్సాహంతో నిద్ర పట్టదు కనుక దాని ముందటి రెండు రాత్రులు బాగా పడుకోవాలి.

నిజమైన నిద్రగండం రైడు ముగిశాక ఉంది. కార్డు మీద చివరి ముద్ర పడి, పొట్టనిండా తిని, సైకిల్ కారు వెనక ఎక్కించుకుని 40 కిలోమీటర్లు స్టీరింగ్ పట్టుకునేవాళ్లున్నారు. తెల్లవారుజామున మూడింటికి లేచిన మనిషి, పన్నెండు గంటలు తొక్కిన మనిషి, కారు నడపకూడదు. తీసుకెళ్లడానికి తమ్ముణ్నో స్నేహితుణ్నో ముందే రమ్మనాలి, లేదా అక్కడే గంట పడుకోవాలి. మర్నాడు అరగంట నెమ్మదిగా నడవాలి. మూడు నాలుగు రోజుల తర్వాత కూడా మోకాలో, వేళ్ల తిమ్మిరో తగ్గకపోతే సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం మళ్లీ కొలవాలి.

200 అయినవాళ్ల చూపు 300 మీద పడుతుంది. దానికి 20 గంటలు. మొదలూ చివరా రెండూ చీకట్లోనే కనుక అదనంగా కావాల్సింది బలం కన్నా రెండో దీపం, దాని ఛార్జింగు. ఒకే సీజన్‌లో 200, 300, 400, 600 నాలుగూ పూర్తిచేసినవాళ్లను సూపర్ రాండొనేర్ అంటారు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌కి అర్హత అదే. వచ్చేది 2027లో. సీజన్ నవంబరులో మొదలవుతుంది కాబట్టి, ఫ్రాన్సు వెళ్లాలనుకునేవాళ్లు 2026 నవంబరులో ఎండ తగ్గగానే తొలి 200కి పేరు ఇచ్చేయాలి. వేసవి వచ్చేలోగా 600 అయిపోతుంది.